ఐదువందల మాటలు, పైన కొసరు

మా అంగట్లో తూకం అవ్వది. సరుకు తెచ్చేది, గోడౌను సర్దేది, ఫోన్లలో అరిచేది మా నాయన. కాటా ముందు కూర్చునేది మాత్రం ఆయన్ని కన్న మా అవ్వే. ఉదయగిరి బస్టాండు నుంచి కొండ వైపు పోయే బజారులో, పప్పులు, బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు అమ్మే అంగడి మాది. దుత్తలూరు, వరికుంటపాడు పక్క పల్లెల నుంచి కూడా జనం వస్తారు. వాళ్లు వచ్చేది అవ్వ వేసే కొసరు కోసమని నాయన అంటాడు. సరుకు బాగుంటుంది కాబట్టి వస్తారని అవ్వ అంటుంది. ఈ వాదనలో కొలతలు ఉన్నది నా ఒక్కడి దగ్గరే.

కొసరు తెలియనివాళ్లు ఉండరు. కానీ మా అవ్వ కొసరు వేసే పద్ధతి చెప్పాలి. తూకం అయిపోతుంది. సంచి మూతి కట్టబోతున్నట్టు చెయ్యి చాస్తుంది. ఆ చెయ్యి దారి మార్చుకుని గోనెలోకి పోయి, మూడు వేళ్ల మధ్య పట్టినంత పప్పు తీసుకుని, సంచిలో రాల్చి, ఏమీ జరగనట్టు వెనక్కి వస్తుంది. అప్పుడు అవ్వ కొనేవాళ్ల మొహం వైపు చూడదు. పక్క అంగడి వైపు చూస్తుంది.

నేను ఆత్మకూరులో ఇంజనీరింగ్ చదివాను. ఇన్‌స్ట్రుమెంటేషన్. అదేం చదువని అవ్వ అడిగితే, "కొలిచే యంత్రాల చదువు అవ్వా" అన్నాను.

"కొలిచేదానికి నాలుగేళ్లా? నాకు మా అత్త ఒక్క పొద్దులో నేర్పించింది" అంది.

రెండో ఏడాది సెలవుల్లో మా అంగట్లోకి ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. అంతదాకా వాడిన తక్కెడను నాయన అటక మీద పెట్టాడు. అవ్వకు కొత్తదాని మీద నమ్మకం కుదరలేదు. "దీనికి ముల్లే లేదు. ముల్లు లేనిది నిలిచిందని ఎట్లా తెలుస్తాది?" అని మొదటి వారమంతా దాన్ని అనుమానంగా చూసింది. నాకు మాత్రం పండగ. కిలో పప్పు వేస్తే తెర మీద 1.000 అని పడేది. అవ్వ కొసరు వెయ్యగానే అది 1.016 అయ్యేది. అంటే చరిత్రలో మొదటిసారి మా అవ్వ కొసరును గ్రాముల్లో చూడగలుగుతున్నాం. అప్పుడే ఒక నోటుబుక్కు తీసి నాలుగు నిలువు గళ్లు గీశాను: తేదీ, సరుకు, అడిగిన బరువు, కొసరు. ఆ సెలవులన్నీ అవ్వ పక్కన స్టూలు వేసుకుని రాశాను.

పప్పుల్లో కొసరు ఎనిమిది గ్రాముల నుంచి ఇరవై నాలుగు గ్రాముల దాకా ఊగుతోందని తేలింది. ఇది నన్ను బాధపెట్టింది. నిజంగానే బాధపెట్టింది. ఒకరికి ఎనిమిది, వెనకే వచ్చినవాళ్లకు ఇరవై నాలుగు. ఏ యంత్రమైనా ఇట్లా చేస్తే మా కాలేజీలో దాన్ని విప్పి బల్ల మీద పెట్టేవాళ్లు.

"అవ్వా, నీ కొసరు నిలకడగా లేదు. దీన్ని స్థిరపరచాలి" అన్నాను.

"ఏందిరా చేసేది?"

దగ్గు మందు సీసాతో వచ్చిన ప్లాస్టిక్ మూత ఒకటి తీసుకుని, పదిహేను గ్రాముల కందిపప్పు పట్టే చోట దానికి గీత పెట్టి, అవ్వకు ఇచ్చాను. ప్రామాణిక కొసరు గిన్నె. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుండాది" అని లోపలికి తీసుకుపోయింది. మర్నాటి నుంచి దాంతో దీపంలోకి నూనె కొలిచి పోస్తోంది. ఇప్పటికీ.

అదే వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కాటా బ్యాటరీ కూడా చచ్చిపోయి ఉంది. అంగడి ముందు ఐదారుగురు నిలబడ్డారు. నాయన అటక ఎక్కి తక్కెడ దించేలోపు అవ్వ చేత్తోనే పావు కిలోలు, అర కిలోలు తీసి సంచుల్లో పోసేసింది. ఎవరూ నోరెత్తలేదు. చివరి సంచి ఇంటిపక్కామెది, పావు కిలో పెసరపప్పు. ఆమె కరెంటు వచ్చేదాకా మాట్లాడుతూ నిలబడింది కాబట్టి, ఆ సంచిని అడిగి తీసుకుని కాటా మీద పెట్టాను. 0.252 అని పడింది. సంచి బరువు తీసేస్తే ఇంకా దగ్గర. ఇన్నాళ్లూ నేను తప్పు పట్టిన చెయ్యి, పదార్థం బరువును దాదాపు కాటా లాగానే పట్టగలుగుతోంది. మరి కొసరు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఊగుతోంది? ఆ ప్రశ్నను అప్పుడు నేను పూర్తిగా అడగలేదు. సంచి తిరిగి ఇచ్చేసి, "సరిపోయింది" అన్నాను అంతే.

ఇక అసలు విషయం. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఖాళీగా పోయింది. రెండు చోట్ల పై చదువుకు దరఖాస్తు పెడితే రెండు చోట్లా రాలేదు. వేరే రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయంలో కొలతల శాస్త్రం మీద రెండేళ్ల కోర్సు ఉంది. పన్నెండు సీట్లు. మార్కులు, సిఫారసు ఉత్తరం సరే, వాటితో పాటు ఒక వ్యాసం రాయమన్నారు: మీ విద్యాపరమైన ఆసక్తి ఏమిటో, అది ఎక్కడ మొదలైందో, ఐదువందల మాటలకు మించకుండా చెప్పండి. ఇంకోవైపు చెన్నై పక్కన ఒక కంపెనీలో షిఫ్టు సూపర్‌వైజరుగా రమ్మని ఉత్తరం వచ్చి ఉంది, రెండు నెలలు పోయాక ఒకటో తారీఖున చేరాలి. "ఈసారి కూడా రాకపోతే ఇంక మాట్లాడకుండా కంపెనీకి పో" అన్నాడు నాయన. నేను ఒప్పుకున్నాను. కాబట్టి నాకు మిగిలింది ఆ ఐదువందల మాటలే.

మొదటి రాతప్రతి నాకు బాగా నచ్చింది. ఒకటి, సెన్సర్లు. రెండు, కాలిబ్రేషన్. రెండులో మళ్లీ 2.1 బరువు, 2.2 ఉష్ణోగ్రత, 2.3 పీడనం. అట్లా పద్నాలుగు ఆసక్తులు, ఒక్కోదానికి ఒక వాక్యం, ఒక్కో వాక్యంలో కనీసం ఒక అంకె. దాన్ని పట్టుకుని ఆత్మకూరు బస్సెక్కాను. కాలేజీలో మాకు ఇంగ్లీషు చెప్పిన సార్ రిటైరై అక్కడే ఉన్నారు. వరండాలో కూర్చుని, ఎర్ర పెన్ను మూత తీసి, కాగితం పైనుంచి కిందికి చదివి, మళ్లీ మూత పెట్టేశారు. ఒక్క గీత కూడా గీయలేదు. అది మంచి గుర్తనుకున్నాను.

"ఇది వ్యాసం కాదయ్యా. నీళ్ల మోటరుకు కొట్టిన రేకు" అన్నారు. "హార్స్ పవర్ ఉండాది, వోల్టేజీ ఉండాది. తోడే నీళ్లేవి?"

"అన్నీ కరెక్టే కదా సార్?"

"అన్నీ కరెక్టే. అదే బాధ. ఇదే కాగితం మీద పేరు మార్చి నీ పక్క బెంచీవాడు పెట్టుకోవచ్చు." కాసేపు పెన్నుతో గడ్డం గోక్కున్నారు. "సరే. పుస్తకంలో చదివింది వద్దు. నువ్వంతట నువ్వు, ఎవరూ చెప్పకుండా, మొదట కొలిచింది ఏంది?"

చెప్పడానికి కొంచెం సిగ్గేసింది. "మా అవ్వ వేసే కొసరు సార్."

ఎర్ర పెన్ను మూత మళ్లీ తియ్యలేదు. సార్ లోపలికి తిరిగి భార్యకు కాఫీ ఇంకో గ్లాసు చెప్పారు. "మొదట్నుంచి చెప్పు" అన్నారు.

రెండో రాతప్రతిలో కాటా వచ్చింది, నోటుబుక్కు వచ్చింది, దగ్గు మందు మూత వచ్చింది, కరెంటు పోయిన మధ్యాహ్నం వచ్చింది. చివర్లో, ఇన్నాళ్లూ లోపల తిరుగుతున్నదాన్ని సార్ నా నోట లాగి మరీ పెట్టించారు. ఆఖరి పేరా ఇట్లా ముగుస్తుంది: "రాబోయే సంవత్సరాల్లో నేను వెంటాడాలనుకుంటున్న ప్రశ్న ఒక్కటే: కాటా కొలిస్తేగానీ తెలియనిది చేతికి ఎట్లా తెలుస్తోంది?" నేను రాసింది ఇంగ్లీషులో. ఇంగ్లీషులో ఆ ప్రశ్న సరిగ్గా పది మాటలు. మొత్తం వ్యాసం సరిగ్గా ఐదువందలు. 499 కాదు, 501 కాదు. దానికోసం ఒక పూటంతా మాటలు పీకుతూ, కలుపుతూ కూర్చున్నాను. అంత అందమైన సంఖ్యను నేనెప్పుడూ తయారు చేయలేదు.

దరఖాస్తు పంపే ముందురోజు, మధ్యాహ్నం గిరాకీ లేని వేళ, అంగట్లోనే కూర్చుని అవ్వకూ నాయనకూ తెలుగులో చదివి వినిపించాను. నాయన బెల్లం గంపకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. విన్నాడో, నిద్రపోయాడో తెలియదు.

"నన్ను గురించి రాసినావా?" అంది అవ్వ.

"నీ చెయ్యిని గురించి."

"ఇంక దేన్ని గురించీ రాసేదానికి దొరకలేదా వీడికి?" అని నాయనతో అంది కానీ, చెంగుతో చెయ్యి తుడుచుకుని ఒకసారి చూసుకుంది. తర్వాత వ్యాపారంలోకి దిగింది. "వాళ్లు ఎంత అడిగినారు?"

"ఐదువందల మాటలు."

"నువ్వెంత వేసినావు?"

"సరిగ్గా ఐదువందలు."

"సరిగ్గానా?"

నేనేదో బూతు మాట అన్నట్టు చూసింది.

"సరిగ్గా అంటే సరిగ్గానే అవ్వా. మించకూడదని రాసినారు."

"అందరూ అట్లే అంటారు. కిలో చాలు అంటారు. కిలో వేసి ఊరుకుంటే మళ్లీ మన గడప తొక్కుతారా? మన అంగట్లోంచి ముల్లుకు ముల్లు పెట్టిన తూకం ఎప్పుడైనా బయటికి పోయిందా?" నాయన కళ్లు తెరవకుండానే, "లేదు" అన్నాడు. అంటే నిద్రపోలేదు.

"అది వేరు, ఇది వేరు" అన్నాను.

"ఏం వేరు? నలుగురు తెచ్చి పెడతారు, వాళ్లు ఒకరిని ఎంచుకుంటారు. బజారే కదా" అంది.

మర్నాడు ఆత్మకూరులో నా స్నేహితుడి నెట్ సెంటర్లో కూర్చున్నాను. సర్టిఫికెట్లు స్కాన్ చేసి పెట్టాలి, సార్ సంతకం చేసిన ఉత్తరం పెట్టాలి, అవన్నీ వాడి దగ్గర పదినిమిషాల పని. గడువు సాయంత్రం ఐదు. అన్నీ ఎక్కించాక నాలుగూ ఇరవై. వ్యాసం పేస్టు చేసే గడి తెరిచాను. గడి కింద మాటల లెక్క చూపించే అంకె లేదు. నా ఐదువందలూ అందులో బుద్ధిగా కూర్చున్నాయి.

ఇక్కడ జరిగింది నేను చాలాసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నాను. అవ్వ మాటలకు లొంగానా అంటే, ఆ క్షణంలో అట్లా అనిపించలేదు. ఇంజనీరుగానే ఆలోచించాననుకున్నాను. మా చదువులో ప్రతి కొలతకూ టాలరెన్స్ అని ఒకటి ఉంటుంది. కొంచెం అటూ ఇటూ అయినా ఒప్పుకునే హద్దు. ఐదువందల మీద రెండు శాతం అంటే పది మాటలు. రెండు శాతం ఒప్పుకోని వ్యవస్థ ఉంటుందా? అదీగాక అవ్వను గురించి రాసిన పేరాలో ఏదో వెలితిగా ఉంది. ఆమె కొసరు వేసేదని రాశాను కానీ, ఎట్లా వేసేదో రాయలేదు. కర్సర్ తీసుకుపోయి ఆ పేరా మధ్యలో ఒక వాక్యం పెట్టాను: "ఆమె ప్రతిసారీ ఇంకొంచెం వేసేది, వేసినట్టు ఎన్నడూ చెప్పేది కాదు." ఇంగ్లీషులో పది మాటలు. ఎర్ర గీత రాలేదు. ఏమీ తెగలేదు. గడిలో మొత్తం కనిపిస్తోంది.

"అయిపోయిందా? వెనక నలుగురు ఉండారు రా" అన్నాడు స్నేహితుడు.

ప్రివ్యూ అని ఒక బొత్తాం ఉంది. దాన్ని నొక్కలేదు. నా జీవితంలో నేను నొక్కని ప్రివ్యూ అదొక్కటే. సబ్మిట్ నొక్కాను.

వాడు అలవాటుగా రసీదుతో పాటు దరఖాస్తు మొత్తం ప్రింటు తీసి, చివరి పేజీ పైకి పట్టుకుని గట్టిగా చదివాడు. వాడికి ఇంగ్లీషు గట్టిగా చదవడం సరదా.

"రాబోయే సంవత్సరాల్లో నేను వెంటాడాలనుకుంటున్న ప్రశ్న ఒక్కటే," అని ఆగాడు. కాగితం తిప్పి వెనక చూశాడు. "ఏందిరా అది?"

"ఏది?"

"ప్రశ్న."

కాగితం లాక్కున్నాను. ఒక్కటే అన్న మాట, దాని పక్కన రెండు చుక్కలు, ఆ తర్వాత తెల్ల కాగితం. సర్వరు ఐదువందలు తూచి, మిగిలింది కోసేసింది. మధ్యలో పది వేశాను, చివర పది పోయాయి. నా విద్యాపరమైన ఆసక్తి ఏమిటో చెప్పే పది మాటలు తప్ప మిగతావన్నీ విశ్వవిద్యాలయానికి చేరాయి. దరఖాస్తు మళ్లీ తెరిచే వీలు లేదు. వెనక నిలబడ్డవాళ్లలో ఒకాయన, "ఏమైందప్పా?" అని అడిగితే, స్నేహితుడు, "పరీక్షలో ప్రశ్న రాసుకోవడం మర్చిపోయినాడు" అన్నాడు.

ఇంటికి వచ్చి చెప్పాను. దాచే ఉద్దేశంతోనే బస్సు దిగాను గానీ, నా మొహం చూసి అవ్వే అడిగింది. తప్పు తన మీద వేసుకుంటుందేమోనని భయపడ్డాను. అట్లాంటిదేమీ జరగలేదు.

"అదేం తూకం రా? ఎక్కువ వేస్తే కళ్లకద్దుకుని తీసుకోవాలి. కోసెయ్యడం ఏంది?" అని విశ్వవిద్యాలయాన్ని తప్పు పట్టి పడుకుంది.

మూడు వారాల తర్వాత ఇంటర్వ్యూకు పిలిచారు. వీడియోలో, పొద్దున పదకొండుకు. సార్ వాళ్లింట్లో నెట్ బాగుంటుందని అక్కడే పెట్టుకున్నాం. ఆ రెండు చుక్కల గురించి అడిగితే ఏం చెప్పాలన్న దాని మీద నాకు మూడు సలహాలు అందాయి. స్నేహితుడిది: సర్వరు చెడిపోయిందని చెప్పు. నాయనది: వాళ్లు అంతదాకా చదివి ఉండరు, నువ్వు కదిలించొద్దు. సార్‌ది అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఎందుకంటే బాగుంది: "కావాలనే వదిలేసినానని చెప్పవయ్యా. పరిశోధన అంటే పూర్తికాని వాక్యం అని చెప్పు. పొంగిపోతారు." అది నాకు నోటికి వచ్చేదాకా చెప్పించి, ఇంటర్వ్యూ జరుగుతున్నంతసేపూ తలుపు వెనక స్టూలు వేసుకుని కూర్చున్నారు, వాళ్లకు కనపడకుండా, నాకు కనపడేట్టు.

తెర మీద ముగ్గురు. ఇద్దరు మగవాళ్లు పరికరాల గురించి అడిగారు. అవి సాఫీగా పోయాయి. అంతసేపూ మాట్లాడకుండా కాగితాలు చూస్తున్న మేడమ్ అప్పుడు కళ్లజోడు పైకి నెట్టి, "మీ వ్యాసం రెండు చుక్కల దగ్గర ఆగిపోయింది. కావాలనే అట్లా వదిలారా?" అన్నారు.

తలుపు వెనక సార్ తల పైకీ కిందికీ ఊపడం మొదలుపెట్టారు. గట్టిగా. స్టూలు కూడా కిర్రుమంది.

పూర్తికాని వాక్యం నోట్లోకి వచ్చింది. మొదటి మాట నాలుక మీదే ఉంది. కానీ కొలతల కోర్సుకు దరఖాస్తు పెట్టుకుని, నా కొలత తప్పిందని ఒప్పుకోకపోతే ఇంక అక్కడ నేనేం చదువుతాను?

"లేదు మేడమ్" అన్నాను. "పది మాటలు ఎక్కువ వేశాను. చివర పది తెగిపోయినాయి."

తలుపు వెనక ఊగుతున్న తల ఆగిపోయింది. మధ్యలో ఉన్నాయన నవ్వారు. మేడమ్ నవ్వలేదు. ఎందుకు ఎక్కువ వేశారని అడిగారు. మా అంగడిలో సరిగ్గా తూచి పంపే అలవాటు లేదని చెప్పాను. కొసరు గురించి చెప్పాను. వాళ్ల ఊళ్లో కూడా అది ఉందట, పేరు వేరట. తెగిపోయిన ప్రశ్న చెప్పమన్నారు. చెప్పాను. రాసుకున్నారు. ఇంక గట్టెక్కానని అనుకునేలోపు ఇంకో మాట అడిగారు.

"కొసరు ఎనిమిది గ్రాముల నుంచి ఇరవై నాలుగు దాకా మారిందని రాశారు. ఎనిమిది ఎవరికి? ఇరవై నాలుగు ఎవరికి?"

నోటుబుక్కు నా పక్కనే ఉంది. తెరిచాను. తేదీ, సరుకు, అడిగిన బరువు, కొసరు. ఒక వేసవి మొత్తం రాసిన పేజీలు తిప్పుతూ పోయాను, ఎక్కడో ఒక మూల ఉంటుందేమోనని. లేదు.

"మనిషిని రాసుకోలేదు మేడమ్."

"ఎందుకు?"

"బరువు కొలిచేదానికి మనిషితో పనేముందనుకున్నాను."

"ఊఁ" అన్నారు ఆమె. తర్వాత ముగ్గురూ థాంక్యూ చెప్పి మాయమయ్యారు.

సార్ తలుపు వెనకనుంచి వచ్చి, చల్లబడిన కాఫీ నా చేతికిచ్చి, "నిజం చెప్పేదానికి నా ఇంటి నెట్టే దొరికిందా నీకు?" అన్నారు.

ఉదయగిరికి వచ్చిన మర్నాడే నోటుబుక్కులో ఐదో గడి గీశాను. మనిషి. స్టూలు మళ్లీ అవ్వ పక్కకు వచ్చింది. సీటు వస్తుందా రాదా అని ఇంట్లో కూర్చుని ఆలోచించేకంటే అది నయం అనిపించింది. ఫోన్లో ఎవరితోనో గొడవపడుతూ, మా కందిపప్పులో పురుగుందని అంటూ కిలో తీసుకున్నాయనకు తొమ్మిది గ్రాములు. వరికుంటపాడు అవతలి పల్లె నుంచి వచ్చి, ఏదీ బేరమాడకుండా, ఒక పక్కగా నిలబడి అర కిలో తీసుకున్నామెకు ఇరవై రెండు.

"ఆమెకు అంత ఎందుకు వేసినావు అవ్వా?"

"ఎంత వేసినాను?"

"ఇరవై రెండు గ్రాములు. అర కిలోకే."

"నాకేం తెలుసు, చెయ్యి వేసింది" అంది. సంచీల తాళ్లు సర్దుకుంటూ కాసేపటికి మళ్లీ తనే, "రెండు బస్సులు మారొచ్చినాది రా. కాళ్లు చూడలా? మోకాళ్ల దాకా దుమ్ము" అంది.

నేను చూడలేదు. తెర మీద అంకెను చూస్తున్నాను. ఐదో గడిలో "దుమ్ము కాళ్లు" అని రాసి, ఇంక గళ్లు సరిపోవని అర్థమై, పక్క పేజీ కూడా కలుపుకున్నాను. రెండు వారాల్లో ఆ పక్క పేజీ నిండిపోయింది. పెళ్లికి సరుకులు తీసుకుపోయేవాళ్లకు తక్కువ, వాళ్లకు ఎట్లాగూ ఎక్కువే ఉంటుంది కాబట్టి. అవ్వను పేరు పెట్టి పలకరించే ముసలాయనకు ఎక్కువ, ఆ పేరుతో పిలిచేవాళ్లు ఊళ్లో ఇంక ఎవరూ లేరు కాబట్టి. ఈ కారణాలేవీ అవ్వ ముందుగా చెప్పినవి కావు. అంతా అయ్యాక, నేను అడిగితే, చెయ్యి మీద నెట్టి చెప్పింది.

ఫలితాలు వచ్చాయి. పన్నెండు మంది పేర్లున్నాయి, అందులో నాది లేదు. కింద వెయిటింగ్ లిస్టు. అందులో మొదటిది నాది. కంపెనీలో చేరాల్సిన ఒకటో తారీఖు తొమ్మిది రోజుల్లో ఉంది. నాయన అటక మీద నుంచి సూట్‌కేసు దించి ఎండలో పెట్టాడు, ఏ ఊరికో చెప్పకుండా. స్నేహితుడు ఫోను చేసి, "కొసరు సీటు రా నీది" అన్నాడు. వాడికి నవ్వొచ్చింది. నాకు రాలేదు.

అవ్వకు వెయిటింగ్ లిస్టు అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. "పన్నెండు మందిని తీసుకున్నారు. వాళ్లలో ఎవరైనా రాకపోతే నన్ను తీసుకుంటారు."

"పన్నెండు తూచినారు. ఆపైన చెయ్యి పెట్టి తీసింది నిన్నేనా?"

"అట్లే అనుకో."

"అయితే వేస్తారు లే" అంది, ఏ అనుమానమూ లేకుండా. "వేళ్లలోకి తీసుకున్న కొసరు మళ్లీ గోనెలో పోసేవాళ్లను నేనైతే చూడలా."

దీనికి శాస్త్రీయమైన ఆధారం ఏమీ లేదు. పైగా ఈ విశ్వవిద్యాలయం కొసరు విషయంలో ఎట్లా ప్రవర్తిస్తుందో ఒకసారి చూసి ఉన్నాం. అయినా ఆ తొమ్మిది రోజుల్లో నేను సరిగ్గా నిద్రపోయింది ఆ మాట విన్న తర్వాతే. ఐదో రోజు, అవ్వ ఎవరికో చింతపండు తూస్తుండగా, మెయిల్ వచ్చింది. ఎవరో ఒకరు చేరలేదు. వెంటనే ఒప్పుకుంటున్నట్టు తెలపమన్నారు. కింద ఇంకో వాక్యం ఉంది: కొలతల నోటుబుక్కు వెంట తీసుకురావలెను.

బయల్దేరే రోజు అవ్వ కందిపొడి చేసి హాస్టలుకు కడతానంది. నేను కావాలనే గల్లా ఇవతలికి వచ్చి, కొనేవాళ్లు నిలబడే చోట నిలబడ్డాను. చేతిలో నోటుబుక్కు, పెన్ను. అవ్వ డబ్బా పెట్టి, కాటాను సున్నా చేసి, పొడి పోసింది. తెర మీద 1.000 పడింది. డబ్బాకు మూత పెట్టేసింది.

నేను ఆగాను. చెయ్యి దారి మారలేదు.

"కొసరేది అవ్వా?"

"నీకెందుకు కొసరు?"

"అందరికీ వేస్తావు కదా. దుమ్ము కాళ్లకు ఇరవై రెండు వేసినావు."

"వాళ్లకు వేసేది మళ్లీ మన గడపకే రావాలని. నువ్వు రాక యాడికి పోతావురా?" అని డబ్బాను నా వైపు నెట్టి, ఈసారి పక్క అంగడి వైపు కాకుండా నా మొహం వైపే చూసింది.

బయట నాయన మోటర్‌సైకిల్ హారన్ కొడుతున్నాడు. గల్లా మీదే నోటుబుక్కు తెరిచి, ఒక్కో గడీ నింపాను. సరుకు, కందిపొడి. అడిగిన బరువు, కిలో. మనిషి, మనవడు. కొసరు గడి దగ్గర సున్నా పెట్టాను. ఆ పుస్తకం మొత్తంలో సున్నా అదొక్కటే. దాన్ని దరఖాస్తు వ్యాసంలో పెట్టి ఉండాల్సింది, కానీ అప్పటికి నా దగ్గర లేదు.